విండోస్ 10 అయిపోయింది, పాత పీసీలో లినక్స్ వేస్తే గేమ్స్ ఆడొచ్చా? (ఐ5 7400, 1060)

బెజవాడ_బంటి
సిస్టమ్ 2017లో కొన్నది, ఐ5 7400, జీటీఎక్స్ 1060 6 జీబీ, ర్యామ్ 16. విండోస్ 11 ఎక్కిద్దామంటే నా ప్రాసెసర్ లిస్టులో లేదు, ఇంటెల్‌లో 8వ తరం నుంచే అంట, ఒక్క తరం తేడాలో పోయింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. కొత్తది కొనే సీన్ లేదు, మార్చిలో చెల్లి పెళ్ళి. ఆఫీసులో ఒకతను లినక్స్ వేసెయ్, అన్నీ ఆడతాయి అని చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు. లినక్స్‌తో నా పరిచయం బీటెక్ ల్యాబులో సీ ప్రోగ్రామ్ కొట్టి ఎక్స్‌టర్నల్ దగ్గర బతికి బయటపడ్డం వరకే. ఆడేవి ఎల్డెన్ రింగ్ (సగంలో ఉంది), విచర్ 3, సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్), జీటీఏ 5, ఆదివారం రాత్రి కాలేజ్ బ్యాచ్‌తో వాలొరెంట్. నిజంగా మారినవాళ్ళు చెప్పండి, యూట్యూబ్ చూసి చెప్పేవాళ్ళు వద్దు ప్లీజ్

లో_ఎఫ్‌పీఎస్_రాజు
వాలొరెంట్ అన్నావు, అక్కడితో నీ త్రెడ్ అయిపోయింది. మిగతావాళ్ళు ఇళ్ళకెళ్ళొచ్చు

పెంగ్విన్_మామ
రాజు ఆగవయ్యా, అప్పుడే టెంటు పీకకు.

బంటీ, మా ఇంట్లో 2019 నుంచి విండోస్ లేదు, కాబట్టి నాది యూట్యూబ్ కేసు కాదు. అసలది ఎలా ఆడుద్దో ముందు తెలుసుకుంటే ఏది ఎందుకు ఆడదో తర్వాత నీకే తెలిసిపోద్ది. గేమ్ విండోస్‌దే, అదే ఎగ్జీ ఫైలు. కింద విండోస్ ఉందని దాన్ని నమ్మించేది వైన్, 1993 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు. దాన్నే గేమ్స్ కోసం సానబట్టి 2018 ఆగస్టులో వాల్వ్ వాళ్ళు తమ గేముల షాపు స్టీమ్‌లో పెట్టారు, దాని పేరు ప్రోటాన్. ఇక గ్రాఫిక్స్, గేమ్ మాట్లాడేది డైరెక్ట్ఎక్స్, లినక్స్‌లో కార్డుకి తెలిసింది వల్కన్, మధ్యలో దుబాసీ ఉండాలి కదా. డైరెక్ట్ఎక్స్ 9, 10, 11కి డీఎక్స్‌వీకే అనే దుబాసీ, 12కి వీకేడీ3డీ ప్రోటాన్. ప్రాసెసర్ పని మాత్రం నేరుగానే జరిగిపోద్ది, అందుకే ఎమ్యులేటర్‌లాగా చతికిలబడదు.

నీ లిస్టులో సీఎస్2కి లినక్స్ వెర్షన్ వేరే ఉంది. ఎల్డెన్ రింగ్ ఆన్‌లైన్‌తో సహా ఆడుద్ది. విచర్ 3 కళ్ళు మూసుకుని ఆడుకో. జీటీఏ 5 స్టోరీ వరకు ఓకే. వాలొరెంట్ దగ్గర రాజు చెప్పిందే నిజం, ఒప్పుకోడానికి నోరు రావట్లేదు గానీ

కాకినాడ_కాజా
వైన్ 1993 నుంచా? మా వీధి చివరది 1987 నుంచి నడుస్తోంది, ఏ ప్రోటాన్ లేకుండానే అందరితో ఆటలాడిస్తది

ఉప్పల్_ఊసరవెల్లి
కాజా 😂😂 శనివారం రద్దీకి షేడర్ కంపైల్ అయితదా అక్కడ?

లో_ఎఫ్‌పీఎస్_రాజు
జోకులు తర్వాత. పెంగ్విన్ గారు "అన్నీ ఆడతాయి" గ్యాంగే గానీ కాస్త మర్యాదస్తుడు. బంటీ, వాలొరెంట్‌లో మోసగాళ్ళని పట్టే యాంటీ చీట్ వాన్‌గార్డ్ ఉంది చూడు, అది మామూలు ప్రోగ్రామ్ కాదు, విండోస్ బూట్ అయ్యేటప్పుడే దాని గుండెకాయ కెర్నల్ లోపలికెళ్ళి కూర్చునే డ్రైవర్. వైన్ దగ్గర ప్రోగ్రాముల్ని నమ్మించే సరుకుంది గానీ విండోస్ కెర్నల్ లేదు, మరి అది ఎక్కడ కూర్చుంటది? వర్చువల్ మెషీన్‌లో వేద్దాం అంటారు కొందరు మహానుభావులు, దాన్నీ పట్టేసుకుంటది. ఫోర్ట్‌నైట్ ఆడదు, లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2024లో వాన్‌గార్డ్ పెట్టాక పోయింది, ఏపెక్స్ ఎంచక్కా ఆడేది, అదే ఏడాది అక్టోబర్ ఆఖర్లో వాళ్ళే లినక్స్‌ని ఆపేశారు. జీటీఏ ఆన్‌లైన్ 2024 సెప్టెంబర్ నుంచి లేదు. ఫ్రెండ్స్‌తో ఆడే సగం గేములు పోయాక ఇంకేం మిగిలింది, ఒక్కడివే కూర్చుని చెట్లు చూసుకోవడం

పెంగ్విన్_మామ
చెట్లు చూసుకోవడం కూడా గేమే అయ్యా, విచర్ 3లో నేను చేసేది అదే.

ఒక సవరణ. యాంటీ చీట్ ఉన్న ప్రతిదీ ఆడదు అనుకోకండి. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి దారి ఇచ్చాయి. తలుపు తీయాలా వద్దా అనేది గేమ్ చేసినవాళ్ళ ఇష్టం. ఎల్డెన్ రింగ్ వాళ్ళు తీశారు. జీటీఏ ఆన్‌లైన్‌లో ఉన్నది బ్యాటిల్‌ఐనే, తీయలేదు. టెక్నికల్‌గా కుదరక పోయినవి కొన్నే, మిగతావి మనసు లేక

లో_ఎఫ్‌పీఎస్_రాజు
ఆడనోడికి కారణం ఏదైతే ఏంటండీ. తలుపుకి తాళం ఉందా, లోపల మనిషికి మనసు లేదా, నేను బయటే కదా నిలబడింది

ఉప్పల్_ఊసరవెల్లి
రాజన్న మాటకి నేనే సాక్ష్యం. నేనాడే ఒక షూటర్ ఉండె (పేరెందుకు తియ్), ప్రోటాన్‌ల మంచిగ నడుస్తుందని ప్రోటాన్‌డీబీల (ఆడినోళ్ళు రేటింగిచ్చే సైటు) గోల్డ్ చూసి, దాన్ని నమ్ముకొనే విండోస్ మొత్తం లేపేసిన. మూడు వారాలైంది, ఒక అప్‌డేట్ వచ్చింది, అంతే. మెనూ దాకా పోతది, మ్యాచ్ నొక్కితే బయటికి దొబ్బుతది. మళ్ళ విండోస్ ఎక్కించిన. గోల్డ్ రేటింగ్ అంటే ఇయ్యాల గోల్డ్, రేపటికి గిల్టు కావొచ్చు, గది యాదికుంచుకో

డాలస్_డబ్బా
స్టీమ్ డెక్ (చేత్తో పట్టుకుని ఆడే వాల్వ్ వాళ్ళ పీసీ) ఉంది నా దగ్గర, 2022 నుంచి. అందులో ఉన్న స్టీమ్ఓఎస్ ఆర్చ్ లినక్సే కదా, మా ఆవిడ రోజూ స్టార్‌డ్యూ వ్యాలీ ఆడుద్ది, తను లినక్స్ వాడుతున్నట్టు తనకే తెలీదు. ఎల్డెన్ రింగ్ కొత్తలో పీసీలో తెగ నత్తిగా ఆడేది గుర్తుందా, వాల్వ్ వాళ్ళు ప్రోటాన్ వైపు నుంచి సర్దేసరికి డెక్‌లో నయంగా ఆడింది. కాబట్టి బంటీ భయపడకు

బెజవాడ_బంటి
డాలస్ అన్నా, డెక్ ఇండియాలో అధికారికంగా అమ్మట్లేదు కదా, ఇక్కడ దిగుమతి చేసి అమ్మేవాళ్ళ రేటు చూస్తే చెల్లి పెళ్ళి భోజనాల్లో రెండు ఐటమ్స్ తగ్గించాలి. వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురావచ్చుగా 😁

డాలస్_డబ్బా
ఆల్రెడీ సూట్‌కేసులో మూడు ఐఫోన్లు, ఒక మిక్సీ జార్ ఆర్డర్ ఉంది తమ్ముడు, నువ్వు క్యూలో ఐదు

సిల్కాన్_సీత
మీరంతా డెక్ గురించి చెప్తున్నారు, అందులో ఉన్నది ఏఎండీ చిప్. బంటి కార్డు ఎన్విడియా, అదీ 10 సిరీస్ పాస్కల్. ఇది ఎవరూ ఎత్తలేదేం? ఏఎండీ డ్రైవర్ లినక్స్‌తో పాటే వచ్చేస్తుంది, వేసుకునే పని కూడా లేదు. ఎన్విడియా కెర్నల్ భాగాన్ని 2022లో ఓపెన్ చేసింది కానీ అది ట్యూరింగ్ నుంచే, అంటే 16, 20 సిరీస్ నుంచి పైకి. 1060కి పాత క్లోజ్డ్ డ్రైవరే, అందులోనూ 580 సిరీసే ఆఖరు. ఇంకోటి, డైరెక్ట్ఎక్స్ 12 గేములకి ఎన్విడియాలో విండోస్ కంటే ఫ్రేములు తగ్గుతాయి, పాస్కల్‌లో ఇంకాస్త ఎక్కువగా. ఎల్డెన్ రింగ్ డైరెక్ట్ఎక్స్ 12. విచర్ 3లో అదృష్టంకొద్దీ 11 ఎంచుకునే ఆప్షన్ ఉంది, అదే పెట్టుకోండి. నేను 1050 టీఐ మీద రెండేళ్ళు నడిపాను, ఆశ తక్కువ పెట్టుకుంటే ఆనందంగానే ఉంటుంది

పెంగ్విన్_మామ
సీత గారు చెప్పింది కరెక్ట్, నాది ఏఎండీ కాబట్టి ఆ బాధ మర్చిపోయా

కాకినాడ_కాజా
కార్లున్నోడికి సైకిల్ పంచర్లు గుర్తుండవ్ లే

మ్యాక్_మల్లి
ఎవరూ మ్యాక్ గురించి మాట్లాడరేంటి

లో_ఎఫ్‌పీఎస్_రాజు
మల్లి, సీఎస్2 వచ్చినప్పుడు మ్యాక్‌ని వదిలేశారు. 2019లో క్యాటలీనాతో పాత 32 బిట్ గేములన్నీ పోయాయి. మీరు మాట్లాడకపోవడమే మంచిది

మ్యాక్_మల్లి
నా బ్యాటరీ 14 గంటలొస్తది

ఉప్పల్_ఊసరవెల్లి
14 గంటలు ఏం జూస్తవ్ అండ్ల, వాల్‌పేపరా

డీటీపీ_కొడుకు
అందరూ గేముల గురించే అంటున్నారు, ఇంకెవరైనా ఆ కంప్యూటర్ వాడతారా చూస్కో బంటీ. మాది తెనాలి, నాన్నది డీటీపీ షాపు. నేను హుషారుగా ఇంట్లో సిస్టమ్‌కి లినక్స్ వేశా, మర్నాడు పొద్దున్నే నాన్న పెళ్ళి కార్డు ఫైలు ఓపెన్ చేద్దామని కూర్చున్నాడు. తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ లేదు, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ లేదు. వైన్‌లో పేజ్‌మేకర్ లేచింది గానీ అను కీబోర్డు మాత్రం నా వల్ల కాలేదు. యూనికోడ్‌లో కొట్టుకో నాన్నా, ఇన్‌స్క్రిప్ట్ లినక్స్‌లోనే ఉంది అన్నా. ముప్పై ఏళ్ళుగా వేళ్ళకి అలవాటైన కీబోర్డు మార్చమంటావా అని ఒక చూపు చూశాడు. మధ్యాహ్నానికల్లా విండోస్ తిరిగొచ్చింది

బెజవాడ_బంటి
మా ఇంట్లో అమ్మ సీరియల్ మిస్సయితే ఫోన్లో చూస్తది, నాన్న పీసీ ముట్టుకోడు. ఆ ప్రమాదం లేదు. పెళ్ళి కార్డు మాత్రం మీ నాన్నగారి దగ్గరే కొట్టిద్దాం

అర్ధరాత్రి_అప్‌డేట్
డ్యుయల్ బూట్ చేద్దామనుకుంటే నా తప్పు నువ్వు చెయ్యకు. రెండు వైపులా 90 జీబీ గేమ్ ఎందుకు దించడం అని విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లో ఉన్న స్టీమ్ ఫోల్డర్నే లినక్స్‌లో చూపించా. రెండ్రోజులు బాగానే ఉంది, తెలివైనోణ్ణి అనుకున్నా. ప్రోటాన్ ఆ ఫోల్డర్‌లో సీ కోలన్ పేరుతో లింకులు పెడుద్ది, విండోస్‌లో ఫైలు పేరుకి కోలన్ నిషిద్ధం. తర్వాత విండోస్‌లోకెళ్తే అది డిస్క్ చెక్ మొదలెట్టి ఆ లింకుల్ని రిపేరు చేసేసింది, ఇటొస్తే గేములు లేవవు. దానికి ముందు ఇంకో తమాషా, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా నిజంగా షట్‌డౌన్ అవ్వదు, డ్రైవ్ సగం నిద్రలో ఉంటది, లినక్స్ దాన్ని చదవనిస్తది, రాయనివ్వదు. ఇది తెలుసుకునేసరికి నాకు రాత్రి రెండున్నర. లినక్స్‌కి వేరే ఎస్ఎస్‌డీ పెట్టు, ఎక్స్‌టీ4 ఫార్మాట్ చెయ్, గేములు మళ్ళీ దించుకో, చచ్చినట్టు

పెంగ్విన్_మామ
దీనికి వంద లైకులు. వేరే ఎస్ఎస్‌డీ, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డ్రైవ్ కేబులు పీకి పక్కన పెట్టు, మనసు ప్రశాంతంగా ఉంటది

బెజవాడ_బంటి
సరే, బావ ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 256 ఎస్ఎస్‌డీ ఒకటి ఉంది. ఏ లినక్స్ వెయ్యాలి? ఒక్కటే చెప్పండి, పది చెప్పకండి

సిల్కాన్_సీత
మింట్

పెంగ్విన్_మామ
మింట్

కుకట్‌పల్లి_కెర్నల్
క్యాచీఓఎస్. మింట్‌లో అన్నీ పాత ప్యాకేజీలు, గేమింగ్‌కి ఆర్చ్ బేస్ ఉండాలి, కెర్నల్ షెడ్యూలర్ మార్చుకుంటే బాగా తక్కువకి పడిపోయే ఫ్రేములు కాస్త పెరుగుతాయి, లేదంటే నోబారా, బజ్జైట్ అయితే డెక్ లాగా నేరుగా గేమ్ మోడ్‌లోకి

బెజవాడ_బంటి
ఒక్కటే చెప్పండి అన్నాగా 😭

సిల్కాన్_సీత
కెర్నల్ గారూ, ఆయనది ఎనిమిదేళ్ళ కార్డు, 580 దాటి కొత్త డ్రైవరే లేదు. రోజూ కొత్త ప్యాకేజీ వచ్చే డిస్ట్రో పెడితే ఏదో ఒక పొద్దున కొత్తది ఈ కార్డుని వదిలేసి ముందుకెళ్ళిపోతుంది. పాత బండికి పాత రోడ్డే నయం

కుకట్‌పల్లి_కెర్నల్
అది నిజమే లెండి. 1060 అని చూడలేదు

కాకినాడ_కాజా
టైటిల్లోనే ఉందయ్యా బాబూ

బెజవాడ_బంటి
అప్‌డేట్. ఆదివారం సాయంత్రం మొదలెట్టా. మింట్ పావుగంటలో ఎక్కింది, దీనికా ఇంత భయపడింది అనుకున్నా. డ్రైవర్ మేనేజర్‌లో 580 ఎంచుకున్నా, మధ్యలో ఏదో పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చా, రీస్టార్ట్. నీలం రంగు స్క్రీన్ ఒకటొచ్చింది, అందులో ఏదో కీ ఎన్‌రోల్ అని ఉంది, ఇదేదో వైరస్‌లా ఉందని కంటిన్యూ కొట్టా. స్టీమ్ పెట్టి విచర్ 3 దించి (50 జీబీ, మూడు గంటలు) ఆశగా ప్లే నొక్కితే 4 ఎఫ్‌పీఎస్, సెకనుకి నాలుగే ఫ్రేములు. హీరో గెరాల్ట్ కత్తి దూసేలోపు నేను వెళ్ళి నీళ్ళు తాగొచ్చా. తొమ్మిదిన్నరకి బ్యాచ్ ఫోన్ మీద ఫోన్, ఏం చెప్పాలో తెలీక కరెంట్ పోయింది అని చెప్పా. ఇప్పుడేం చెయ్యాలి

సిల్కాన్_సీత
ఆ నీలం స్క్రీనే వైద్యం. మీకు సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్ని లోడ్ కానివ్వని కాపలా) ఆన్‌లో ఉంది. సంతకం కీని బయోస్‌కి పరిచయం చేస్తేనే ఎన్విడియా డ్రైవర్ లోడ్ అవుతుంది. మీరు కంటిన్యూ కొట్టారు, అది పక్కకెళ్ళిపోయింది. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయండి, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ రాగానే ఎన్‌రోల్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వండి

పెంగ్విన్_మామ
4 ఎఫ్‌పీఎస్ ఎందుకంటే అప్పుడు నడిచింది నూవో అనే ఓపెన్ డ్రైవర్ అయ్యుంటది. పాస్కల్ కార్డుల్లో దానికి క్లాక్ పెంచే వీలు లేదు, బూట్‌లో ఏ స్పీడుందో అదే. 1060ని మొదటి గేర్లో హైవే ఎక్కించావన్నమాట

కాకినాడ_కాజా
కరెంట్ పోయింది 😂 బెజవాడలో చలికాలం, రాత్రి తొమ్మిదిన్నరకి. నమ్మారా?

బెజవాడ_బంటి
వచ్చింది!! నీలం స్క్రీన్‌లో పాస్‌వర్డ్ ఇచ్చా, అంతే, మొత్తం సెట్. ఇవి నా లెక్కలు, 1080పీ. విచర్ 3 డీఎక్స్ 11లో హై, విండోస్‌లో 60 దగ్గర ఆడేది, ఇక్కడ 55 నుంచి 60, తేడా కంటికి ఆనట్లేదు. సీఎస్2 విండోస్‌లో 130, ఇక్కడ 110 చిల్లర, మొదటి మ్యాచ్‌లో స్మోక్ పడ్డప్పుడల్లా గుక్క తిప్పుకుంది, రెండో మ్యాచ్ నుంచి బానే ఉంది. ఎల్డెన్ రింగ్ సీత గారు చెప్పినట్టే దెబ్బేసింది, అక్కడ 50 వచ్చేది, ఇక్కడ 40 లోపు. ఆడొచ్చు గానీ బాస్ చేతిలో చచ్చిన ప్రతిసారీ లినక్స్‌ని తిట్టుకోవాల్సొస్తోంది (విండోస్‌లోనూ చచ్చేవాణ్ణి, అప్పుడు తిట్టుకోడానికి ఎవరూ లేరు). ఒక డౌట్, ఎల్డెన్ రింగ్ సేవ్ ఎక్కడ పెట్టాలి, 70 గంటల క్యారెక్టర్ అది

అర్ధరాత్రి_అప్‌డేట్
ఒకసారి గేమ్ తెరిచి మూసెయ్. స్టీమ్‌యాప్స్ లోపల కంప్యాట్‌డేటా అని ఉంటది, అందులో 1245620 అనే ఫోల్డర్, అదే ఎల్డెన్ రింగ్ నంబరు. దాని లోపల పీఎఫ్ఎక్స్, ఆపైన అచ్చం విండోస్ సీ డ్రైవే కనిపిస్తది, యూజర్స్, స్టీమ్‌యూజర్, యాప్‌డేటా, రోమింగ్. అక్కడున్న ఎల్డెన్‌రింగ్ ఫోల్డర్‌లోకి పాతది కాపీ కొట్టు. ముందు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ దాచుకో, నా మాట విను, 70 గంటలు పోతే మనిషి మనిషిగా ఉండడు

బెజవాడ_బంటి
దొరికింది. క్యారెక్టర్ నిలబడ్డ చోటే నిలబడి ఉంది. అన్నా థ్యాంక్స్

లో_ఎఫ్‌పీఎస్_రాజు
సరే, మరి వాలొరెంట్ సంగతేంటి? నేనడిగింది అదొక్కటే, మూడు రోజులుగా

సిల్కాన్_సీత
రాజు గారూ, దానికి దారి ఉంది. పాత డ్రైవ్‌లో విండోస్ 10 అలాగే ఉంచి పొడిగింపు అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచులొస్తాయి. 30 డాలర్లు కట్టడం ఒక దారి, సెట్టింగ్స్ బ్యాకప్ అకౌంట్‌కి సింక్ చేస్తే ఊరికే ఇస్తారు

కుకట్‌పల్లి_కెర్నల్
లేదంటే రూఫస్ అనే టూల్‌తో విండోస్ 11 దొంగదారిలో ఎక్కించెయ్ బ్రో, 7400కి నడుస్తది

లో_ఎఫ్‌పీఎస్_రాజు
విండోస్ 11లో అయితే వాలొరెంట్ టీపీఎం (సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ రెండూ అడుగుద్ది. ఆ టీపీఎం ఇంటెల్ బయోస్‌లో పీటీటీ అని ఉంటది, చాలా బోర్డుల్లో ఆఫ్ చేసి ఉంటది, చూస్కో. విండోస్ 10లోనే ఉంటే ఆ గొడవ లేదు. వారానికి ఒక్క రాత్రి కోసం అదే ఉంచుకో, బ్యాంకు పనులు మాత్రం లినక్స్‌లో చేస్కో. నేను ముందు నుంచీ చెప్తోంది ఇదే, విండోస్ పీకొద్దు అని

పెంగ్విన్_మామ
నువ్వు ముందు చెప్పింది "మిగతావాళ్ళు ఇళ్ళకెళ్ళొచ్చు" అని

లో_ఎఫ్‌పీఎస్_రాజు
వెళ్ళారా మరి? లేదుగా

ఉప్పల్_ఊసరవెల్లి
బంటి భాయ్ గది చేస్తే ఆదివారం విండోస్, సోమవారం నుంచి శనివారం లినక్స్. మా తాత ఆదివారం ఒక్కనాడే మటన్ తినేటోడు, సేమ్ లెక్క

బెజవాడ_బంటి
అదే ఫిక్స్. స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్11 కొట్టి డ్రైవ్ ఎంచుకోవాలి, అంతేగా. ఈ ఆదివారం విండోస్‌లోకెళ్ళి బ్యాచ్‌తో ఆడతా, వాళ్ళకేం తెలీదు

స్పైక్_సీను
ఈ త్రెడ్ కోసమే అకౌంట్ తెరిచా. రేయ్ బంటీ, కరెంట్ పోయిందా? నువ్వు లేవని ఆ రాత్రి వేరెవణ్ణో కలుపుకుని ఆడితే వాడు స్పైక్ (వాలొరెంట్‌లో బాంబు) మా బేస్‌లోనే వదిలేసి తిరిగాడు, ఐదు మ్యాచులు పోయాయి, నా ర్యాంక్ గోల్డ్ నుంచి సిల్వర్‌కి దిగింది. ఇన్వర్టర్ ఉంది కదరా మీ ఇంట్లో అని అప్పుడే అడిగా, బ్యాటరీలో నీళ్ళయిపోయాయి అన్నావ్

కాకినాడ_కాజా
బ్యాటరీలో నీళ్ళు 😂😂😂

బెజవాడ_బంటి
సీనుగా నువ్విక్కడికెలా వచ్చావురా

స్పైక్_సీను
నాదీ 7వ తరమే. గూగుల్లో "విండోస్ 10 అయిపోయింది గేమ్స్ ఆడొచ్చా" అని కొట్టా, నీ ఏడుపే ముందొచ్చింది. ఆ నీలం స్క్రీన్‌లో ఏం నొక్కాలో మళ్ళీ చెప్పు